గోడ పగిలితే చెట్టును కొట్టాలా?



ఒక ఇల్లాలి కథ వినండి. ఆమెది నల్లరేగడి నేలలో ఇల్లు. బ్యాంకు అప్పుతో కట్టుకున్నది. గోడకు పదడుగుల దూరంలో వేపచెట్టు ఉంది. చల్లని నీడ. రెండేళ్ళు వానలు సరిగా పడలేదు. ఎండాకాలంలో గోడ ఏటవాలుగా పగిలింది. తలుపు బిగుసుకుంది. గడియ పడడం లేదు.

"ఈ చెట్టును కొట్టేస్తే సరి" అన్నాడు ఇంటాయన.

"వేపచెట్టును కొడతావా? అరిష్టం!" అంది అత్తగారు.

ఎవరి మాట వినాలి? ముందు నేల సంగతి తెలుసుకోవాలి.

నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది. ఎండితే ముడుచుకుంటుంది. ఎండాకాలం చేనులో నెర్రెలు మీరు చూసే ఉంటారు. ఇంటి కిందా అదే నేల. చెట్టు వేళ్ళు ఆ నేలలో తడిని తాగుతాయి. వానలు లేకపోతే చెట్టు వైపు నేల మరీ ఎండి కుంగుతుంది. పునాది అటు దిగుతుంది. గోడ పగులుతుంది. వేరు గోడను తొయ్యలేదు. నేలలో నీరు తాగింది. అంతే!

ఇది ఇక్కడి గొడవే కాదు. ఇంగ్లండులో లండన్ నగరం కింద కూడా ఇలా ముడుచుకునే బంకమట్టి ఉంది. 1976లో ఆ దేశంలో పెద్ద కరువు వచ్చింది. చెట్ల పక్కన ఎన్నో ఇళ్ళు పగిలాయి. బీమా డబ్బు కోసం ఎంతోమంది కంపెనీలను అడిగారు.

మరి చెట్టును కొట్టాలా? తొందరపడకండి. చెట్టు పోతే ఎండిన నేల మళ్ళీ తడి పట్టి ఉబ్బుతుంది. గోడ ఇంకోలా పగలొచ్చు. ముందు ఇంజనీరుకు చూపించండి. కొమ్మలు కొట్టిస్తే చెట్టు తాగే నీరు తగ్గుతుంది. చెట్టు కొట్టక తప్పదంటే 2002 నాటి వాల్టా చట్టం కింద అనుమతి అడగండి.

ఆ ఇల్లాలు రాత్రి బడిలో చదువు నేర్చింది. ఒకనాడు ట్రంకు పెట్టెలోంచి బ్యాంకు కాగితాలు తీసింది. కూడబలుక్కుని చదివింది. అందులో "భారత్ గృహ రక్ష" అనే బీమా పాలసీ ఉంది. 2021 ఏప్రిల్ 1న మొదలైన పాలసీ ఇది. ఇంటి కింది నేల కుంగితే కలిగే నష్టం ఇందులో చేరుతుంది. కొత్త ఇల్లు సర్దుకునేటప్పుడు వచ్చే మామూలు పగుళ్ళు, కట్టడంలో లోపం చేరవు. తగువు వచ్చేది ఇక్కడే!

ఆమె కంపెనీకి కబురు పెట్టింది. సర్వేయరు వచ్చి చూశాడు. కొన్నాళ్ళకు ఉత్తరం వచ్చింది. "ఇవి మామూలు పగుళ్ళు. డబ్బు రాదు" అని రాశారు.

"ఇంక చేసేదేముంది?" అన్నాడు ఇంటాయన.

ఆమె దగ్గర నోటు పుస్తకం ఉంది. పగులు కొసల దగ్గర పెన్సిలుతో గీత గీసి తేదీ వేసింది. నెలనెలా స్కేలుతో కొలిచి రాసింది. ఎండాకాలంలో పగులు పెరిగింది. వానలకు కొంత మూసుకుంది. కింద నేల కదులుతోందని దీన్నిబట్టి తెలుస్తుంది. ఇంజనీరూ చూసి అదే రాసిచ్చాడు.

ఆ కాగితాలు జతచేసి ఆమె కంపెనీకి మళ్ళీ రాసింది. నెల దాటినా జవాబు రాలేదు. అప్పుడు హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు పంపింది. బీమా తగువులు తీర్చే అధికారి ఆయన. ఫీజు లేదు. వకీలు అక్కర్లేదు. కంపెనీ కాదన్న ఏడాదిలోపు ఫిర్యాదు చేయాలి.

ఆయన ఇద్దరి మాటా విన్నాడు. గోడ బాగుచేసే ఖర్చు ఇవ్వడానికి కంపెనీ ఒప్పుకుంది. ఆ ఒప్పందం కాగితాన్ని కూడా ఆమె రెండుసార్లు చదివింది. మొత్తం ఎంతో చూసింది. ఆ తర్వాతే సంతకం పెట్టింది.

ప్రతి తగువూ ఇలాగే తేలుతుందని కాదు. కాని రాసి పెట్టుకోని మాటకు సాక్ష్యం ఉండదు.

అక్కలారా! మీ ఇంటి మీద అప్పు ఉందా? బీమా కూడా ఉందేమో బ్యాంకులో అడగండి. కొత్తగా మొక్క నాటుతున్నారా? అది ఎంత ఎత్తు పెరుగుతుందో గోడకు సుమారు అంత దూరంలో నాటండి. గోడ పగిలిందా? తేదీ వేసి రాయండి.

వేపచెట్టు ఇంకా ఆ ఇంటి ముందే ఉంది. కొమ్మలు తగ్గాయి. నీడ ఉంది. తలుపు గడియ పడుతోంది.