విహారయాత్రలో విస్తరి ఖరీదు



వేసవి సెలవులు దగ్గరపడుతున్నాయంటే ప్రతి ఇంట్లోనూ ఒకటే మాట: "ఈసారి ఎక్కడికి వెడదాం?" పిల్లలు ఊటీ అంటారు. ఇంటాయన కొడైకెనాల్ అంటారు. అత్తగారు పూరీ వెళ్ళి జగన్నాథుణ్ణి చూసుకుని సముద్రస్నానం చేసి వద్దామంటారు. రైలు టిక్కెట్ల కోసం రెండు నెలల ముందునుంచే హైరానా పడతాం. గది అద్దె గురించి నలుగురినీ వాకబు చేస్తాం. కాని అక్కడ రోజుకి మూడుపూటలా ఏం తింటాం, ఎక్కడ తింటాం, ఎంతవుతుంది అన్న సంగతి మాత్రం "అక్కడ హోటళ్ళు లేకపోతాయా!" అని వదిలేస్తాం. తీరా తిరిగొచ్చి లెక్క చూసుకుంటే గది అద్దెకి దీటుగా తిండి ఖర్చు కనిపిస్తుంది. పోనీ తృప్తిగా తిన్నామా అంటే అదీ లేదు. చల్లారిన ఇడ్లీ, నీళ్ళసాంబారు, ఉడికీ ఉడకని అన్నం. పైగా చిన్నవాడికి విరేచనాలు!

ఎందుకిలా జరుగుతుందో ముందు ఆలోచిద్దాం. కారణం తెలిస్తే ఉపాయమూ తెలుస్తుంది.

మన వీధి చివర హోటలుందనుకోండి. ఇవాళ సాంబారు పులిస్తే రేపు మీరు ఆ గడప తొక్కరు. ఆ సంగతి హోటలువాడికి బాగా తెలుసు. అందుకని భయంగానో భక్తిగానో వండుతాడు. విహారస్థలంలో సరస్సు ఎదురుగానో, పూలతోట గేటు ముందరో ఉన్న హోటలు సంగతి వేరు. ఇవాళ తిన్నవాళ్ళు రేపటికి ఊళ్ళో ఉండరు. బాగుందని మెచ్చుకుని మళ్ళీ వచ్చేదీ లేదు, బాగాలేదని మానేసేదీ లేదు. ఇవాళ వెళ్ళిన బస్సు స్థానంలో రేపు ఇంకో బస్సు వస్తుంది. ఊటీలో ఏప్రిల్, మే నెలలే గట్టి సీజను. ప్రభుత్వ ఉద్యానవనంలో పూల ప్రదర్శన కూడా ఏటా మే నెలలోనే. సంవత్సరం పొడుగునా కట్టాల్సిన అద్దె ఆ కొద్దివారాల్లోనే రాబట్టుకోవాలని చూస్తాడు హోటలు యజమాని. బియ్యం, పప్పు, నూనె అన్నీ ఘాటురోడ్డెక్కి రావాలి. కాబట్టి మనమిచ్చే డబ్బులో సగం పదార్థానికైతే, సగం ఆ చోటుకి. చోటుకి డబ్బివ్వడం తప్పని నేననను. సరస్సు చూస్తూ కాఫీ తాగాలని ఉంటే ఒకసారి తాగండి. కాని మూడుపూటలూ అక్కడే తింటే మాత్రం అది రుచికిచ్చిన డబ్బు కాదని గుర్తుంచుకోండి.

కొండమీద ఇంకో చిక్కుంది. అది ఎవరి తప్పూ కాదు. ఊటీ సముద్రమట్టానికి సుమారు 2,240 మీటర్ల ఎత్తున ఉంది. పైకి వెళ్ళేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గి నీళ్ళు తక్కువ వేడికే మరిగిపోతాయి. మన ఇంట్లో 100 డిగ్రీలకి మరిగే నీళ్ళు ఊటీలో దాదాపు 93 డిగ్రీలకే మరుగుతాయి. మంట ఎంత పెంచినా మూతలేని గిన్నెలో అంతకు మించి వేడెక్కవు. అందుకే అక్కడ పప్పు ఉడకడానికి ఎక్కువసేపు పడుతుంది. కుక్కరు వాడని చోట, జనం మీదపడ్డ రోజున, గట్టిపప్పూ బిరుసన్నమూ తప్పవు. కాబట్టి కొండమీద అప్పటికప్పుడు ఆవిరిమీద వచ్చే ఇడ్లీ, పెనం మీద కాలే దోసె, చపాతీ, బాగా ఉడికిన పొంగలి మేలు. రాజ్మా, శనగల కూరల జోలికి పోతే, బాగా మెత్తబడ్డాయా లేదా అని అడిగి మరీ తెప్పించుకోండి.

మరి మంచి భోజనం దొరికే చోటు కనిపెట్టడం ఎలా? నాకు తెలిసిన సూత్రం ఒకటే. మళ్ళీ మళ్ళీ వచ్చే గిరాకీ ఉన్న హోటలు చూసుకోవాలి. విహారస్థలంలోనైనా ఆ ఊరివాళ్ళంటూ ఉంటారుగా? బ్యాంకు గుమాస్తాలు, బడిపంతుళ్ళు, బజారులో కొట్లవాళ్ళు, బస్సు డ్రైవర్లు, వీళ్ళంతా రోజూ ఎక్కడో తింటూనే ఉంటారు. అది సాధారణంగా సరస్సు దగ్గర ఉండదు. బస్టాండు వెనకో, మార్కెట్టు సందులోనో, ఆఫీసుల వీధిలోనో ఉంటుంది. టాక్సీ అబ్బాయిని "మంచి హోటలు ఎక్కడుంది బాబూ?" అని అడిగితే, తనకి కమీషనిచ్చే చోటికి తీసుకుపోయినా పోవచ్చు. "నువ్వు డబ్బులిచ్చి ఎక్కడ తింటావు బాబూ?" అని అడిగి చూడండి, జవాబు మారిపోతుంది! మనల్ని ముందుగుమ్మంలో దింపి, అతను వెనకగుమ్మంలోంచి వెళ్ళి ఉచితంగా భోంచేస్తున్నాడంటే, ఆ భోజనం ఖర్చు కూడా మన బిల్లులోనే ఉందన్నమాట.

లోపలికి వెళ్ళాక ఒక్క నిమిషం నిలబడి చూడండి. మెనూకార్డులో నూటపాతిక రకాలుండి, బల్లల దగ్గర పదిమంది ఉంటే, అవన్నీ ఇవాళ వండినవి కావని మనకి తెలియదూ? వంటిల్లు నడిపే వాళ్ళం! నాలుగు రకాలే ఉండి, జనం లేస్తూ కూర్చుంటూ ఉన్న చోట పదార్థం నిలవుండే సమస్యే రాదు.

మనవాళ్ళకి ఇంకో అలవాటుంది. ఎక్కడికెళ్ళినా "ఆంధ్రా భోజనం" బోర్డు కోసం వెతకడం. ఆవకాయ బెంగ నాకు తెలియంది కాదు. దానికి చిన్న సీసాతో పచ్చడి, కాస్త కందిపొడి తీసుకెళ్ళండి చాలు. ఏ ఊరివాళ్ళు రోజూ ఏది వండుతారో అదే ఆ ఊళ్ళో తాజాగా, చవకగా దొరుకుతుంది. తమిళనాడు కొండల్లో పొద్దున్న పొంగలి, మధ్యాహ్నం అరటాకు మీద సాంబారు, రసం, కూర, మజ్జిగలతో భోజనం. పూరీ వెళ్తే పప్పూ కూరగాయలూ కలిపి వండే దాల్మా తినండి. జగన్నాథస్వామి ఆలయంలోని ఆనందబజారు సంగతి చెప్పనే అక్కర్లేదు. కట్టెల పొయ్యిమీద మట్టికుండలు ఒకదానిమీద ఒకటి పేర్చి వండిన మహాప్రసాదం అక్కడ అమ్ముతారు. ఉల్లి, వెల్లుల్లి ఉండవు. యాత్రికులే కాదు, ఆ ఊరివాళ్ళూ కొనుక్కెళ్ళేది అదే. మన అరకులోయలో బొంగులో చికెన్ ఉంది. పచ్చివెదురు బొంగులో మాంసం కూరి నిప్పులమీద కాలుస్తారు, నూనె అవసరముండదు. ఎప్పుడో కాల్చి పెట్టింది కాకుండా, మీ కళ్ళముందు బొంగు కాల్చి తీసిందే కొనండి. ఇక తిరుమల వెళ్ళేవాళ్ళకి తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద భవనం ఉండనే ఉంది. పైసా ఖర్చులేకుండా వేడివేడి భోజనం.

ఇప్పుడు డబ్బు సంగతి చూద్దాం. గది తీసుకునేటప్పుడు ఇ.పి., సి.పి., ఎం.ఎ.పి., ఎ.పి. అని అక్షరాలు కనిపిస్తాయి. కంగారు పడకండి. ఇ.పి. అంటే ఉత్త గదే. సి.పి. అంటే గదితోపాటు పొద్దుటి ఫలహారం. ఎం.ఎ.పి. అంటే ఫలహారమూ, ఒకపూట భోజనమూ. ఎ.పి. అంటే మూడుపూటలూ. మూడుపూటలదీ చూడ్డానికి చవగ్గానే కనిపిస్తుంది. కాని మధ్యాహ్నం మనం గదిలో ఉంటామా? ఏ జలపాతం దగ్గరో, తేయాకు తోటలోనో ఉంటాం. అక్కడ మళ్ళీ కొనుక్కు తింటాం. తినని భోజనానికీ, తిన్న భోజనానికీ రెండింటికీ డబ్బు కట్టినట్లవుతుంది. పిల్లలున్నవాళ్ళకి పొద్దుటి ఫలహారం కలిసిన గదే గిట్టుబాటు. కడుపునిండా తిని బయల్దేరితే దారిలో చిరుతిళ్ళ ఖర్చూ తగ్గుతుంది.

బిల్లు వచ్చాక చదవకుండా డబ్బులివ్వకండి. మామూలు హోటళ్ళలో భోజనం మీద జి.ఎస్.టి. 5 శాతం. పెద్ద గది అద్దెలుండే ఖరీదైన హోటళ్ళలో 18 శాతం దాకా ఉంటుంది. అది ప్రభుత్వానికి కట్టాల్సిన పన్ను, తప్పదు. దానికింద "సర్వీస్ ఛార్జి" అని ఇంకో వరుస ఉంటే అది పన్ను కాదు. మనల్ని అడక్కుండా దాన్ని బిల్లులో కలపకూడదని వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలైలో మార్గదర్శకాలిచ్చింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది కూడా. వెయ్యి రూపాయల భోజనానికి పదిశాతం సర్వీస్ ఛార్జి అంటే వంద రూపాయలు. పిల్లలకి నాలుగు ఐస్‌క్రీములు! "ఇది తీసేయండి" అని మర్యాదగా అడగండి. వడ్డించిన కుర్రాడికి ఏదైనా ఇవ్వాలనిపిస్తే అతని చేతికే ఇవ్వండి. తగువొస్తే వినియోగదారుల సహాయ నంబరు 1915 ఉంది. బిల్లుమీద 14 అంకెల ఆహారభద్రత లైసెన్సు నంబరు కూడా ఉండాలి. అది ఉంటే ఫిర్యాదు చేయడం తేలిక.

నీళ్ళసీసా విషయంలో ఒక చిన్న తేడా ఉంది. కొట్లో కొంటే సీసామీద అచ్చువేసిన ధరకన్న పైసా ఎక్కువ తీసుకోకూడదు. హోటల్లో కూర్చోబెట్టి ఇచ్చినప్పుడు ఎక్కువ తీసుకోవచ్చని సుప్రీంకోర్టు 2017 లో చెప్పింది. కాబట్టి నీళ్ళు బయటే కొనుక్కోండి, లేదా ఇంటినుంచి స్టీలు సీసాలు పట్టుకెళ్ళండి. నీలగిరి జిల్లాలో ప్లాస్టిక్ నీళ్ళసీసాలు నిషేధం కూడాను. గదిలో నీళ్ళు కాచుకుంటే, 2,000 మీటర్లు దాటిన కొండలమీద తెర్లడం మొదలయ్యాక కనీసం మూడు నిమిషాలు మరగనివ్వండి.

పిల్లల కడుపుల మాట చెప్పకుండా ముగించలేను. వేడిగా పొగలు కక్కుతున్నది ఏదైనా చాలావరకు భయం లేదు. వండిన పదార్థం 60 డిగ్రీలకన్న తక్కువ వేడిలో గంటలతరబడి ఉంటేనే సూక్ష్మక్రిములు పెరుగుతాయి. బఫే భోజనమైతే పాత్రలు అప్పుడే తెచ్చి పెట్టిన వేళకి వెళ్ళండి, ఆఖర్న వెళ్ళకండి. కిందనున్న చిన్నదీపం వేడి నిలపడానికే కాని, చల్లారినదాన్ని మళ్ళీ కాచడానికి చాలదు. మధ్యాహ్నం దాటాక కొబ్బరిచట్నీ వద్దు, మరుగుతున్న సాంబారు పోయించుకోండి. కోసిపెట్టిన పండ్లముక్కలు, ఐసుముక్కలు వద్దు; అరటిపండు, బత్తాయి మనమే ఒలిచి పెడదాం. నల్లబడి, నురగ కక్కుతూ, పొగలొచ్చే నూనెలో వేసిన బజ్జీలు ఎంత ఘుమఘుమలాడినా కొనకండి. సంచిలో నాలుగు ఓ.ఆర్.ఎస్. పొట్లాలుంచుకోండి. ఒక లీటరు పొట్లానికి సరిగ్గా ఒక లీటరు కాచి చల్లార్చిన నీళ్ళు కలపాలి. తక్కువా ఎక్కువా కాకూడదు. విరేచనాలు తగ్గకపోయినా, రక్తం కనిపించినా, బిడ్డ నీరసపడిపోతున్నా డాక్టరు దగ్గరికి వెంటనే తీసుకెళ్ళాలి.

ఇదంతా విని, "ఇంత గొడవెందుకు, స్టవ్వూ కుక్కరూ పట్టుకుపోయి గదిలోనే వండేస్తే పోలా?" అంటారేమో. చాలామంది ఇళ్ళలో ఆ మాట అనేది ఇంటాయనే! గదిలో వంటకి చాలాచోట్ల ఒప్పుకోరు, మూసిన గదిలో మంట ప్రమాదం కూడా. అది అలా ఉంచండి. ఏడాదికి నాలుగురోజులు సెలవు దొరికితే అక్కడా గిన్నెలు తోముతూ కూర్చుంటే, ఆ విహారయాత్ర ఎవరికి? పిల్లలకి సెలవు, ఆయనకి సెలవు, మనకి మాత్రం వంటిల్లు మారిందంతే!

ఇంకొక్క మాట. హోటల్లో కూర్చోగానే మనం ఏం చేస్తాం? ధరలు చూసి గుండె గుభేలుమంటుంది. "నాకు ఆకలిగా లేదు, మీరు తినండి" అంటాం. పిల్లలు వదిలేసిన దోసెముక్కా, చల్లారిన ఉప్మా మన వాటా. సాయంత్రానికి తలనొప్పి, నీరసం. ఆదా చేసిన అరవై రూపాయలు మందులకి పోతాయి. బయల్దేరేముందే తిండికింత అని లెక్క వేసుకుని విడిగా ఉంచండి. ఆ లెక్కలో మీ విస్తరి కూడా ఉండాలి. ఊరివాళ్ళు తినేచోటు వెతికి, సర్వీస్ ఛార్జి తీయించి, అక్కర్లేని పూటభోజనం మానేసి మీరు మిగిల్చిన డబ్బుంది చూశారూ, దానితో మీ భోజనం హాయిగా వెళ్ళిపోతుంది. కాబట్టి ఈసారి సెలవుల్లో సర్వరు రాగానే ముందు మీకేం కావాలో చెప్పండి. తర్వాత పిల్లలు చెబుతారు.