బీరువాలో ఉన్న కత్తులు



ఆగస్టు 9న మాట్లాడమంటే మేము ఎప్పుడూ చదువు గురించో, రక్తహీనత గురించో చెబుతాం. హాస్టల్ వార్డెన్లం కదా, ఆ మాటలు మాకు నోటికొచ్చు. ఈసారి కత్తుల గురించి చెబుతామంటే సంఘం పెద్దలు ముందు నవ్వారు, తర్వాత కొంచెం జంకారు కూడా. "కుర్రాళ్ల ముందు కత్తుల మాటెందుకు మేడం" అన్నారు. కుర్రాళ్లకే చెప్పాలని వచ్చాం.

ముందు మా తప్పు చెబుతాం. కొన్నేళ్ల క్రితం సంక్రాంతి సెలవులయ్యాక పిల్లలు హాస్టల్‌కి తిరిగొచ్చారు. అలవాటు ప్రకారం పెట్టెలు తనిఖీ చేశాం. ఏడో తరగతి బాబు పెట్టెలో, చొక్కాల అడుగున, పాత చీర ముక్కలో చుట్టిన కత్తి దొరికింది. పిడితో కలిపి జానెడు ఉంటుంది. వెదురు పిడి, కొస దగ్గర చిన్న వంపు. హాస్టల్లో కత్తి ఉండకూడదన్నది నియమం. తీసేసుకున్నాం. అక్కడితో ఆగితే బాగుండేది. నలుగురి ముందూ నిలబెట్టి "రౌడీవి అవుదామనుకుంటున్నావా" అన్నాం. బాబు ఏడవలేదు, జవాబూ చెప్పలేదు. రెండు రోజులు అన్నం మాత్రం సరిగ్గా తినలేదు.

మూడో రోజు వాళ్ల తాత వచ్చాడు. గుమ్మం బయటే ఆగి, నడుములో ఉన్న తన కత్తి తీసి గోడవార నేల మీద పెట్టి, అప్పుడు లోపలికి వచ్చాడు. ఆ పని కళ్లారా చూశాం, కానీ అప్పుడు మా బుర్రకు ఎక్కలేదు.

"ఆడికి ఆ కత్తి నేనే ఇచ్చేనమ్మా," అన్నాడు. "ఇచ్చినపుడు మా అయ్య నాకు సెప్పిన మాటలన్నీ ఆడికీ సెప్పేను. కత్తి సూసేరు గానీ ఆ మాటలేటో మీరు అడగలేదు గదా."

అప్పుడు అడిగాం. కత్తిని చేతి నుంచి చేతికి ఇవ్వకూడదు, కింద పెడితే అవతలివాళ్లు తీసుకోవాలి. దాటకూడదు. పని లేకుండా పచ్చి చెట్టు మీద వేటు వేయకూడదు. పరాయి ఇంటికి వెళితే గుమ్మం బయటే వదలాలి. కల్లు తాగే చోటికి, పెళ్లికి, తగువు తీర్చే చోటికి కత్తి వెంట వెళ్లకూడదు, ఆ పూట అది ఇంటి చూరులోనే ఉండాలి. ఈ మాటలన్నీ ఆ పిల్లవాడికి పన్నెండేళ్లకే తెలుసు. బీఈడీ చదివి, పిల్లల మనస్తత్వం మీద పరీక్ష రాసి పాసైన మాకు తెలియవు. మేమూ ఈ కొండల్లోనే పుట్టాం. మా తాత నడుములోనూ కత్తి ఉండేది. కాకపోతే మేము ఎనిమిదేళ్లకే హాస్టల్లో చేరాం, ఆడపిల్లలం కూడాను, మాకెవరూ చెప్పలేదు.

ఇంట్లో పిల్లల చేతికి కత్తి ఇచ్చే వయసు, హాస్టల్లో చేర్చే వయసు దాదాపు ఒక్కటే. ఎనిమిదీ తొమ్మిదేళ్లకు తాత వెంట కొండెక్కి అడ్డాకు కోయడం, చీపురు కోయడం, వెదురు చీల్చడం నేర్చుకోవాల్సినవాడు మా దగ్గర ఎక్కాలు నేర్చుకుంటున్నాడు. ఎక్కాలు కావాలి, అందులో వాదన లేదు. కానీ పదో తరగతి అయ్యాక ఇంటికి వెళ్లినవాడికి కత్తి పట్టడం రాదు, దానితోపాటు వచ్చే మాటలూ రావు. వాడికి కత్తంటే సినిమాలో చూసిందే.

ఇంకో మాట చెప్పకపోతే అబద్ధమవుతుంది. ఆ బాబు కత్తి దొరకడానికి ముందు ఏళ్లలో దొరికినవన్నీ ఏం చేశాం? స్టోర్ రూములో ఒక గోనెసంచిలో వేసేవాళ్లం. సంచి నిండితే విరిగిన మంచాల ఇనుముతో కలిపి పాత సామాన్లవాడికి కిలోల లెక్కన ఇచ్చేశాం. ఎవరి తాతవో, ఏ కమ్మరి చేసినవో రాసి పెట్టలేదు. ఈ రోజు మీ ముందు నిలబడడానికి కారణం ఆ గోనెసంచే.

ఆ కత్తులు ఎలా పుడతాయో కొంచెం చెప్పాలి. మన ఏజెన్సీలో కొలిమి పని చేసే కమ్మరులూ షెడ్యూల్డ్ తెగే, అంటే కత్తి చేసినవారూ మనవాళ్లే. ఇప్పటి కత్తులు ఎక్కువగా లారీల పాత కమాను పట్టీల నుంచి వస్తున్నాయి. అది మంచి ఉక్కు, వంగినా మళ్లీ నిలుస్తుంది. కమ్మరి దాన్ని కొలిమిలో ఎర్రగా కాల్చి, సుత్తితో సాగదీసి, వీపు మందంగా, అంచు పలుచగా తెస్తాడు. తర్వాత అంచును మళ్లీ కాల్చి నీళ్లలో ముంచుతాడు. అసలు విద్య ఇక్కడే ఉంది. రంగు ఏ ఎరుపు దగ్గర ఉన్నప్పుడు ముంచాలో కంటితోనే తెలుసుకోవాలి. మరీ కాలితే అంచు పెళుసై రాయి తగలగానే పెచ్చు లేస్తుంది. చాలకపోతే రెండు వెదుళ్లు కొట్టేసరికి మొద్దుబారుతుంది. అందుకే చాలామంది కమ్మరులు పగటి వెలుగులో కాకుండా పాక నీడలోనే ఈ పని చేస్తారు, నీడలోనే రంగు సరిగ్గా కనిపిస్తుంది. ఆ తర్వాత పిడి. పిడిలోకి దిగే మొనను కాల్చి దించుతారు, కొందరు లక్క కరిగించి బిగిస్తారు.

సైన్స్ టీచర్లు ఇక్కడ ఉంటే ఒక్క మాట. ఇనుములో బొగ్గు పాలు, వేడి, చల్లార్చడం అన్న పాఠం పుస్తకంలో పేజీన్నర. పిల్లల్ని ఒక్కసారి కొలిమి దగ్గరికి తీసుకెళ్లండి, ఆ పేజీన్నర బట్టీ పట్టాల్సిన పని ఉండదు. నిజామాబాద్ వైపు కోనసముద్రంలో ఒకప్పుడు మూసల్లో కరిగించి చేసిన ఉక్కు పర్షియా దాకా వెళ్లింది. దానికి ప్రపంచంలో ఉన్న వుట్జ్ అన్న పేరుకు మన ఉక్కు అన్న మాటే మూలమని చాలామంది అంటారు.

కత్తుల్లో కూడా ఎవరి పని వారిదే. చీపురు కోసే అమ్మ బొడ్లో దోపుకునే కొడవలి చిన్నది, తేలిక. చోడి కంకులు గిల్లేది అంతకన్నా చిన్నది. జీలుగు చెట్టు గీసే కత్తి అన్నిటికన్నా పదునుగా ఉండాలి. గెల కాడను పూటపూటా కాగితమంత పలుచగా చెక్కాలి, మొద్దు కత్తితో నలిగితే కల్లు కారడం తగ్గిపోతుంది. గీసే మనిషి ఆ కత్తిని ఇంకే పనికీ ఇవ్వడు, భార్య అడిగినా ఇవ్వడు. దీని మీద మా ఆయాలు చెప్పే సరసాలు సభలో చెప్పేవి కావు.

అమ్మల కత్తి సంగతి ఎవరూ మాట్లాడరు. బాలింత తల దగ్గర కత్తో కొడవలో పెట్టే ఆచారం కొండ మీదే కాదు, మైదానంలోనూ ఉంది. దాన్ని మేము వెక్కిరించం. కానీ అదే కత్తితో బొడ్డుతాడు కోసే పద్ధతిని మాత్రం వదిలేయాలి, దానివల్ల ధనుర్వాతం వచ్చి పసిబిడ్డలు పోయారు. తల దగ్గర కత్తి ఉండనివ్వండి, కాన్పు మాత్రం ఆసుపత్రిలోనే జరగనివ్వండి.

ఇప్పుడు మా రిజిస్టరు సంగతి. ఆ తాత వెళ్లాక ఒక లాంగ్ నోట్‌బుక్ కొని గీతలు కొట్టాం. పిల్లలు సెలవులకు వెళ్లినప్పుడు ఇంట్లో ఉన్న ఒక కత్తిని కాగితం మీద పెట్టి చుట్టూ పెన్సిల్‌తో గీసుకు వస్తారు. కత్తి మాత్రం ఇంట్లోనే ఉంటుంది. గీత పక్కన పొడవు, పిడి ఏ కర్ర, ఎవరు చేశారు, ఏం ఇచ్చి తీసుకున్నారు, ఇప్పుడు ఎవరు వాడుతున్నారు, వాళ్ల భాషలో పేరేమిటి అన్నవి రాస్తారు. కువి, గదబ, కొండదొర, ఆదివాసీ ఒడియా మాట్లాడే పిల్లలు మా దగ్గర ఉన్నారు. ఒక్క వంపు కత్తికే పేజీలో నాలుగు పేర్లు వచ్చాయి. "ఏం ఇచ్చారు" అన్న గడిలో డబ్బుల కన్నా ధాన్యం, చోళ్లు, కోడిపుంజు ఎక్కువ కనిపిస్తున్నాయి. ఒక పిల్ల ఆ గడిలో "కమ్మరి తాతకు మా నాయన రెండు రోజులు తిత్తి ఊదాడు" అని రాసింది. అది చదివి మేము చాలాసేపు పేజీ తిప్పలేదు.

మీలో కొందరు పాత కత్తులు సేకరిస్తున్నారని విన్నాం. సంతోషమే. కానీ ఎలా సేకరిస్తున్నారో కూడా విన్నాం. ముసలమ్మ చూరులో ఉన్నదానికి రెండొందలు ఇచ్చి, పర్యాటకులకు రెండు వేలకు అమ్ముతున్నారట. అరకు మ్యూజియంలో మన పనిముట్లు గోడకు పెట్టి ఉన్నాయి, వెళ్లి చూడండి, గర్వంగానే ఉంటుంది. కానీ గోడ మీద కత్తికి పదును పెట్టేవారు ఉండరు. ఇంట్లో ఇంకా కోతకు వెళుతున్న కత్తిని కొనకండి. కొత్తది కావాలంటే కమ్మరి దగ్గర చేయించుకోండి. సంతలో ఫ్యాక్టరీ కత్తి చవగ్గా దొరుకుతోంది కాబట్టి కొలిమి చల్లారిపోతోంది. ఏడాదికి పది కత్తులు అడిగేవాళ్లుంటే ఆయన కొడుకు తిత్తి దగ్గర ఉంటాడు, లేకపోతే విజయవాడలో సెంట్రింగ్ పనికి పోతాడు.

రోజూ వెంట పెట్టుకునే సంగతికి వద్దాం, ఇది బాగా వినండి. మడత కత్తి జేబులో వేసుకుని, తెరిచి మూసి రీల్స్ చేస్తున్న తమ్ముళ్లను చూశాం. 1959 నాటి ఆయుధాల చట్టం ఇంటిపనికి, వ్యవసాయానికి మాత్రమే చేసిన పనిముట్లను ఆయుధాలుగా లెక్కించదు. నిబంధనల పట్టికలో మాత్రం అలుగు 9 అంగుళాల కంటే పొడవు, లేదా 2 అంగుళాల కంటే వెడల్పు ఉన్న కత్తుల ప్రస్తావన ఉంది, అక్కడా ఇంటి, వ్యవసాయ పనిముట్లకు మినహాయింపు ఉంది. కాబట్టి కాఫీ తోటలో మీ నడుములో ఉన్నది పనిముట్టు. అదే రాత్రి పదకొండుకి విశాఖ బస్టాండులో మీ బ్యాగులో ఉంటే, అది పనిముట్టని నిరూపించడానికి స్టేషన్లో మీ తాత ఉండడు. కాలేజీకి, పరీక్షకు, రైలుకు, కూలికి పట్నం వెళ్లేటప్పుడు కత్తి ఇంట్లోనే ఉండాలి. గుమ్మం బయట కత్తి వదిలే పద్ధతి మనదే కదా, పట్నాన్ని పరాయి గుమ్మం అనుకోండి.

అడవి శాఖ తనిఖీ సంగతి వేరు. 1967 అటవీ చట్టం కింద నేరం జరిగిందంటే పనిముట్లూ స్వాధీనం చేసుకోవచ్చు. పోడు రోజుల్లో మన పెద్దల గొడ్డళ్లు, కత్తులు అలా పోయినవెన్నో. 2006 అటవీ హక్కుల చట్టం కింద పట్టా ఉన్నవాళ్లు దాని నకలు ఇంట్లో దాచకుండా వెంట ఉంచుకోండి. కత్తికి ఒర ఎంతో, ఆ కాగితమూ అంతే.

కాపాడుకోవడం కష్టమేమీ కాదు. ఈ ఉక్కు తుప్పు పడుతుంది, అది దాని గుణం. పనయ్యాక తుడిచి, ఆముదం చుక్క రాసి ఆరిన చోట పెట్టండి. చింతపండు, మామిడికాయ కోశాక మరీ జాగ్రత్త. వాడగా వాడగా నల్లబడుతుంది, ఆ నలుపును గీకేయకండి. సానరాయి మీద నీళ్లు చల్లి, రెండు వైపులా ఒకే వాలులో, తొందరపడకుండా రుద్దండి. చేతకాకపోతే ఇంట్లో అమ్మమ్మని అడగండి, పది నిమిషాల్లో నేర్పుతుంది, ఇంకో గంట కబుర్లు చెబుతుంది.

హాస్టల్ నియమం మారలేదు. మూడు వందల మంది పిల్లలున్న చోట కత్తి ఉండకూడదు, మేమే ఉండనివ్వం. ఇప్పుడు సెలవుల నుంచి వచ్చిన రోజు పిల్లలే గుమ్మం బయట అరుగు మీద కత్తి పెట్టి లోపలికి వస్తారు. మేము దానికి పేరు చీటీ కట్టి, రిజిస్టరులో రాసి, ఆఫీసు బీరువాలో తాళం వేస్తాం. దసరాకు వెళ్లేటప్పుడు సంతకం పెట్టి తీసుకుంటారు. చేతికి ఇవ్వం, అరుగు మీద పెడతాం, వాళ్లు తీసుకుంటారు.

ఆ బాబు ఇప్పుడు పాలిటెక్నిక్‌లో మెకానికల్ చదువుతున్నాడు. తాత పోయాడు. కత్తి ఇంకా మా బీరువాలోనే ఉంది. పట్నం హాస్టల్‌కి తీసుకెళ్లకూడదని వాడే తెచ్చి ఇచ్చాడు, వేసవిలో వచ్చి తీసుకుంటానన్నాడు. చీటీ మీద వాడి పేరు కింద తాత పేరు కూడా రాయమన్నాడు, రాశాం.