అద్దె రూమ్‌ల తుపాకీ ఉంటే: ఓనర్ ఏమనొచ్చు, రూమ్మేట్ ఏం చెయ్యాలె?

లింగాల నుంచి మాట్లాడుతున్నా. ఈసారి టాపిక్ చెప్తే మీరు నవ్వుతరు. అద్దె ఇంట్ల తుపాకీ. మా తమ్ముడైతే, "రూమ్‌ల హీటర్ పెడితేనే ఓనర్ ఊకోడు, ఇంక తుపాకీ ఎవడు పెడ్తడే" అన్నడు. కానీ ఈ ప్రశ్న పంపింది మన మండలం అన్ననే.

ఆ అన్న హైదరాబాద్‌ల ఒక బ్యాంకు ముంగట గన్‌మన్. డబుల్ బ్యారెల్ తుపాకీ, లైసెన్స్ ఆయన పేరు మీదనే ఉంది. మీరు బ్యాంకుల దగ్గర చూసే ఉంటరు, చానామందికి తుపాకీ సొంతదే ఉంటది, అది ఉంటేనే ఉద్యోగం. డ్యూటీ అయినంక దాన్ని రూమ్‌కు తెచ్చుకుంటడు. ఒకరోజు ఓనర్ వాళ్ల అమ్మ చూసింది. తెల్లారి ఓనర్ వచ్చి, "తుపాకీ అన్నా బయట పెట్టు, నువ్వన్నా బయటికి పో, రేపటికల్ల" అన్నడు. అన్న అడిగేది ఒక్కటే: "నాకు లైసెన్స్ ఉంది, కిరాయి టైముకు కడుతున్న. నా రూమ్‌ల నా తుపాకీ పెట్టుకునే హక్కు నాకు లేదా?"

సూటిగా చెప్తా. మన దేశంలో కిరాయిదారుకు తుపాకీ హక్కు అని విడిగా ఏం లేదు. అసలు సొంతింటోనికి కూడా లేదు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్స్ ఉంటేనే తుపాకీ. ఆ లైసెన్స్ ఇచ్చేది జిల్లాలల్ల కలెక్టర్, కమిషనరేట్ ఉన్న కాడ పోలీస్ కమిషనర్. ఆ కాగితం మీద మనిషి పేరు, తుపాకీ నంబర్, అడ్రస్, ఏ ఏరియాలో చెల్లుతదో, అన్నీ ఉంటయి. ఇల్లు సొంతమా, కిరాయా అని చట్టం తేడా చూడదు. నువ్వు ఎక్కడ ఉంటున్నవో ఆఫీసుకు తెలిసి ఉండాలె, తుపాకీ భద్రంగా ఉండాలె. అంతే.

మరి ఓనర్? ఇల్లు ఆయనది. అగ్రిమెంట్‌ల "ఆయుధాలు పెట్టొద్దు" అని రాసుకుంటే, నువ్వు సంతకం పెడితే, దానికి కట్టుబడాల్సిందే. ఓనర్ ఆ మాట రాయొద్దని మన దగ్గర ఏ చట్టమూ చెప్పలేదు. కానీ అగ్రిమెంట్‌ల అసలు ఆ ముచ్చటే లేకుంటే, "రేపటికల్ల ఖాళీ చెయ్" అనుడు మాత్రం చెల్లదు. నోటీస్ గడువు ఎంత రాసుకున్నరో అంత. ఏమీ రాసుకోకుంటే, నెల నెల కిరాయి ఇంటికి మామూలుగా కనీసం 15 రోజుల నోటీస్ ఇయ్యాలె. సామాన్లు బయట పారేస్తా అంటే కుదరదు. అట్లని ఏదో ఒకనాడు ఖాళీ చేయించే దారి ఓనర్‌కు ఉంటది. ఆ లోపల వేరే రూమ్ చూసుకునే టైమ్ మనకు దొరుకుతది, నిజానికి దొరికేది అదే.

ఇప్పుడు అన్న చేసిన అసలు తప్పు చెప్తా. లైసెన్స్ మీద అడ్రస్ ఇంకా లింగాలదే ఉంది! రూమ్ మారి ఏడాది దాటింది. 30 రోజులకు మించి వేరే చోట ఉండి, తుపాకీ కూడా అక్కడనే ఉంటే, అడ్రస్ మారిన 30 రోజుల లోపల పాత ఆఫీసుకు, కొత్త ఆఫీసుకు తెలియజెయ్యాలె. కిరాయి బతుకుల ఇదే తిప్పలు. మనం ఏడాదికొక రూమ్ మారుతం, లైసెన్స్ మాత్రం ఊర్లెనే ఉంటది. ఓనర్ కోపానికి పోలీసులకు ఫోన్ చేస్తే, తుపాకీ మీద కాదు, అడ్రస్ కాడనే అన్న దొరుకుతడు. అందుకే ఓనర్‌తోని కొట్లాట తర్వాత, ముందు ఆ దరఖాస్తు పెట్టన్నా అని చెప్పిన.

ఇంకో మాట. అన్న పండుగకు ఊరికొస్తూ, "తుపాకీ ఓనర్ ఇంట్ల బీరువాల పెట్టి వస్తా, ఆయనకూ నమ్మకం కలుగుతది" అన్నడు. వద్దే వద్దు. లైసెన్స్ లేని మనిషి చేతికి తుపాకీ పోతే ఆయన మీదా కేసే, ఇచ్చిన నీ మీదా కేసే. ఓనర్ కోపంతో గుంజుకున్నా అంతే, లైసెన్స్ లేకుండ తుపాకీ పట్టుకున్నోడు ఆయనే అయితడు. ఊరికి పోయేటప్పుడు పోలీస్ స్టేషన్ల గానీ, లైసెన్స్ ఉన్న ఆయుధాల డీలర్ దగ్గర గానీ డిపాజిట్ చేసి రసీదు తీసుకోవాలె. ఎలక్షన్లప్పుడు స్టేషన్ల డిపాజిట్ చెయ్యమంటరు కదా, ఆ పద్ధతే.

ఇగ రూమ్‌ల ఉండే పిల్లలు ఇది జర జాగ్రత్తగ వినుండ్రి. మీకు లైసెన్స్ ఎట్లాగూ ఉండదు. మీకొచ్చే ఆపద వేరేది. మనది నల్లమల పక్కన ఊరు. అడవిపందులు పల్లి చేను, మక్క చేను తొక్కి పోతే ఎవరికన్నా మండుతది. పంట కాపాడుకోనికి మందు కూరే తుపాకీకి లైసెన్స్ అడిగే వీలు చట్టంలోనే ఉంది. కానీ ఆ తొవ్వ పట్టకుండ నాటు తుపాకీ దాచిపెట్టుకునేటోళ్లూ ఉంటరు. పైగా మనది అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ పక్కనే, వేట కేసు అదనం. అసొంటోడు ఒకడు, మీ బావనో దోస్తో, "రెండు రోజులు మీ అచ్చంపేట రూమ్‌ల పెట్టురా" అని గోనెసంచి తెచ్చిండనుకో. నలుగురు ఉండే రూమ్. మీరు ముట్టుకోలే. "మనకెందుకు" అని ఊకున్నరు.

చట్టంలో సెక్షన్ 35 అని ఉంది. నలుగురు కలిసి ఉండే చోట అక్రమ ఆయుధం దొరికితే, అది అక్కడుందని ఎవరెవరికి తెలుసని నమ్మే కారణం ఉందో, వాళ్లందరూ ఒక్కొక్కరే ఆ నేరం చేసినట్టు లెక్క. నాకు సంబంధం లేదని నువ్వే నిరూపించుకోవాలె. లైసెన్స్ లేని మామూలు తుపాకీకి 2019 సవరణ తర్వాత శిక్ష కనీసం 2 ఏండ్లు, 5 ఏండ్ల దాకా. సెక్షన్ 36 ఇంకో మాట అంటది: ఇట్లాంటిది తెలిస్తే, సరైన కారణం లేకుండ ఊకోవద్దు, పోలీసులకు చెప్పాలె. అంటే మనం దోస్తానా కోసం నోరు మూసుకునుడు కూడా తప్పు కిందికే వస్తది. పోలీసు ఉద్యోగానికి, ఆర్మీకి ప్రిపేర్ అయ్యే పిల్లలు మన దగ్గర ఎంతమంది! ఒక్క ఎఫ్ఐఆర్‌తోని ఏండ్ల చదువు పోతది. సంచి గడప దాటకముందే వద్దనాలె. మొఖం చిన్నగ చేసుకుంటే చేసుకోనీ.

అమెరికా పోయే పిల్లలకు కూడా రెండు ముక్కలు. అక్కడ తుపాకీ రాజ్యాంగ హక్కు, 2008ల సుప్రీంకోర్టు కూడా ఇంట్ల ఉంచుకోవచ్చని తీర్పు ఇచ్చింది. కానీ ఆ హక్కు ఆపేది ప్రభుత్వాన్ని, ప్రైవేటు ఓనర్‌ను కాదు. చానా రాష్ట్రాలల్ల అపార్ట్‌మెంట్ లీజుల తుపాకీ వద్దని రాయొచ్చు. టెక్సాస్‌ల 2019 నుంచి మామూలుగా అట్ల రాసే వీలు లేదు. మిన్నెసోటాల కూడా కిరాయిదారుని ఆపొద్దు. అయితే ఇవన్నీ చూసి ఆగమాగం కావొద్దు. స్టూడెంట్ వీసా మీద ఉన్నోళ్లు తుపాకీ ఉంచుకునుడే ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. వేట లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులే ఉన్నయి. ఆ మినహాయింపు తోనే మనోళ్లు కొందరు కొంటున్నరు. 2024 నవంబర్ల అట్లాంటా దగ్గర మన తెలుగు పిల్లగాడు ఒకడు, పుట్టినరోజు నాడే, వేట తుపాకీ శుభ్రం చేస్తుంటే పేలి చనిపోయిండు. దోస్తులు పక్క రూమ్‌లనే ఉన్నరట. ఆ వార్త చదివినంక నాకు హక్కు ఉందా లేదా అనే ముచ్చటే చిన్నగ అనిపించింది.

మన గన్‌మన్ అన్న ముచ్చట చెప్పి ఆపుతా. ఆయన అడ్రస్ దరఖాస్తు పెట్టిండు. ఆ కాపీ, లైసెన్స్ కాపీ ఓనర్‌కు ఇచ్చి, తాళం ఉన్న ఇనుప బీరువా కొని అందుల పెడుతున్న అని చూపించిండు. ఓనర్ మెత్తబడలే, రెండు నెలలు టైమ్ ఇచ్చిండు. అన్న ఇప్పుడు రూమ్ వెతుకుతున్నడు. ఈసారి అడ్వాన్స్ ఇయ్యకముందే, "నా దగ్గర లైసెన్స్ తుపాకీ ఉంది" అని చెప్తున్నడట. ముగ్గురు వద్దన్నరు. నాలుగో ఆయన రిటైర్డ్ ఆర్మీ, కాగితాలు చూపించు అన్నడు.