రెండు సైకిళ్ళు, ఒక్క జాగా
(ఉగాది సభలో చేసిన ప్రసంగం)



పంచాంగ శ్రవణం అయింది. కవిసమ్మేళనం మొదలు కావాలి. యీ మధ్యలో కొద్ది నిమిషాలు మాట్లాడమని కార్యదర్శిగారు నన్ను ఆజ్ఞాపించారు. ఇటువంటి సభలో భాషను గురించో సంస్కృతిని గురించో మాట్లాడటం మర్యాద. నేను మాత్రం సైకిళ్ళను గురించి మనవి చేస్తాను. ఉగాదికి యిల్లు దులిపేటప్పుడు ప్రతి కుటుంబంలోనూ ఒక ప్రశ్న పుడుతుంది: పాత సామానులో ఏది వుంచుకోవాలి, ఏది పంపించివేయాలి? ఆ ప్రశ్న మా యింటికి యీ యేడు రెండు పాత ఉక్కు సైకిళ్ళ రూపంలో వచ్చింది.

సైదాపేటలో మేము కాపురమున్న పాత యిల్లు పడగొట్టి ఫ్లాట్లు కడుతున్నారు. మేము మారబోయే చోట మెట్ల కింద ఒక్క సైకిలు పట్టే జాగా మాత్రమే మాకు దక్కింది. ఉన్నవి రెండు.

మొదటిది మా నాన్నగారిది, ర్యాలీ. ఖర నామ సంవత్సరంలో, అంటే 1951లో, తెనాలిలో కొన్నారు. ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో తయారైన బండి. హ్యాండిలు కింద బిళ్ళమీదా, చైను తిరిగే పెద్ద పళ్ళచక్రంలోనూ కొంగ తల వుంటుంది. అందుచేత మా వీధివారందరికీ అది కొంగ సైకిలు. నాన్నగారు ఆరడుగుల మనిషి గనుక 24 అంగుళాల ఫ్రేము తీసుకున్నారు. సీటు అందని వయస్సులో, బారు కింద నుంచి కాలు దూర్చి నేను తొక్కడం నేర్చుకున్నది దానిమీదనే.

రెండవది నా సొంతం. 1970లో ఉద్యోగానికి మద్రాసు వచ్చి, జీతంలో మిగిల్చిన డబ్బుతో కొన్న హెర్క్యులిస్. ఫ్రేము 22 అంగుళాలు. అది సాధారణ నామ సంవత్సరం. బండీ పేరుకు తగినట్టు సాధారణమైనదే. యీ ఊరి బండి అది. మురుగప్ప కుటుంబంవారూ, ఇంగ్లండులోని ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్ సంస్థవారూ కలిసి 1949లో టి. ఐ. సైకిల్స్ కంపెనీ పెట్టారు. అంబత్తూరు కర్మాగారంనుంచి మొదటి హెర్క్యులిస్ బండ్లు 1951లో బయటికి వచ్చాయి. నాన్నగారు తెనాలిలో కొంగ సైకిలు కొన్నది కూడా ఆ యేడే. తర్వాత 1960లో ఇంగ్లండులో ర్యాలీ కంపెనీ కూడా ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్ కూటమిలో చేరింది. కాబట్టి మా రెండు సైకిళ్ళకూ దూరపు చుట్టరికం వుందని చెప్పుకోవచ్చు.

చుట్టరికం వుంటే తగవు వుండదా? అమెరికాలో వున్న మా అబ్బాయి ఫోనులో, “నాన్నా, తాతగారి ర్యాలీ వుంచండి. పాత ఇంగ్లీషు సైకిళ్ళకు యిప్పుడు మంచి గిరాకీ. హెర్క్యులిస్‌కు ఎవరిస్తారు?” అన్నాడు. మా యింటావిడ ఒప్పుకోలేదు. “పిల్లలిద్దరినీ బడికి తీసుకువెళ్ళింది ఏ బండి? కిరసనాయిలూ రేషన్ బియ్యమూ మోసింది ఏ బండి?” అని అడిగింది. తెనాలినుంచి మా అక్కయ్య, “నాన్న సైకిలు పరాయివాళ్ళ చేతికి పోతే నేను మీ గడప తొక్కను” అన్నది. ముగ్గురి మాటలోనూ న్యాయం వుంది. ఒకరు ధర చూశారు, ఒకరు చాకిరి చూశారు, ఒకరు మనిషిని చూశారు. బండి స్థితి చూడడం ఒక్కటే మిగిలింది. ఆ పని నేను పెట్టుకున్నాను.

మీ యిళ్ళలోనూ యిటువంటి బండ్లు వుండవచ్చు గనుక పరీక్ష పద్ధతి చెబుతాను. ముందు కొలత. చెప్పులు లేకుండా బారుకు రెండు పక్కలా కాళ్ళు వేసి నిలబడాలి. మడమలు నేలకు ఆనాలి. ఆనకపోతే ఎంత గొప్ప బండి అయినా అది మీది కాదు.

తర్వాత దారం పరీక్ష. వెనక చక్రం ఇరుసు దగ్గర ఒక పక్క దారం కట్టి, హ్యాండిలు కింది గొట్టం చుట్టూ తిప్పి తెచ్చి, రెండో పక్క కట్టాలి. సీటు గొట్టానికీ దారానికీ మధ్య ఎడం రెండు వైపులా సమంగా వుంటే ఫ్రేము సాపుగా వున్నట్టు. ముందు గొట్టం అతుకు వెనక, కిందివైపున రంగు ముడతపడి వుంటే, ఆ బండి ఎప్పుడో దేనికో గుద్దుకున్నదని అర్థం. అతుకుల దగ్గర వెంట్రుకంత చీలిక కనిపించినా తొక్కకూడదు.

మూడవది తుప్పు. సముద్రం పక్కన వున్న యీ ఊళ్ళో అది పైకంటే లోపల ఎక్కువ తింటుంది. పెడళ్ళ ఇరుసు వుండే అడుగు గొట్టంలో నీళ్ళు చేరతాయి. 2015 డిసెంబరులో అడయారు పొంగి సైదాపేటలో యిళ్ళు మునిగినప్పుడు మా సైకిళ్ళు రెండూ సీటు దాకా నీళ్ళలో నిలబడ్డాయి. వాటిని విప్పి, ఆరబెట్టి, గ్రీజు పెట్టించాను. లోపల జరిగిన నష్టం మాత్రం పూర్తిగా పోలేదు.

పరీక్షలో తేలినది యిది. ర్యాలీ ఫ్రేము దారానికి నిక్కచ్చిగా నిలిచింది. డెబ్బై యేళ్ళు దాటిన బండికి అది సామాన్యమైన సంగతి కాదు. హెర్క్యులిస్‌లో ఎడం ఒక పక్క అంగుళంలో ఎనిమిదో వంతు ఎక్కువ వచ్చింది. బరువులు మోసిన ఫలితం. మా సైకిలు షాపు మేస్త్రి దాన్ని కాల్చకుండానే నెమ్మదిగా వంచి సరిచేశాడు. ఉక్కులో వున్న సుగుణం అది. అల్యూమినియం ఫ్రేము వంగితే మళ్ళీ సాపు చేసి నమ్మడం క్షేమం కాదు.

ఇంతవరకు ర్యాలీదే పైచేయి. చిక్కు అడుగు గొట్టంలో వచ్చింది. ఇరుసుకు రెండు పక్కలా గుండ్లు తిరిగే గిన్నెలు గుంటలు పడిపోయాయి. హెర్క్యులిస్‌కైతే ఆ గిన్నెలు వీధి చివర షాపులో దొరుకుతాయి. ర్యాలీకి దొరకవు. ఇతర ఇంగ్లీషు బండ్లలో అక్కడి మర అంగుళానికి 24 చుట్లు. ర్యాలీవారు తమ పద్ధతిలో 26 చుట్లు పెట్టారు. ఒకదానిది మరొకదానికి ఎక్కదు. గొట్టంలో కొత్త మర కోసి మామూలు గిన్నెలు బిగిస్తానన్నాడు మేస్త్రి. నేను వద్దన్నాను. ఒకసారి కోస్తే అసలు మర మళ్ళీ రాదు.

అప్పుడు ప్రశ్న మారింది. ఏ బండి గొప్పది అని కాక, ఏ బండికి ఎవరు పనికివస్తారు అని ఆలోచించాను. నా మడమలు ర్యాలీ మీద నేలకు అందవు. దానికి కావలసిన మర నా చేతిలో లేదు. మెట్ల కింద వుంచితే, తుడిచి, చూపించి, మళ్ళీ గుడ్డ కప్పడమే నేను చేయగలిగినది. అదే తెనాలిలో మా అక్కయ్య కొడుకు లేతు మిషను మీద పని చేస్తాడు. తాతగారి పొడుగు అతనికే వచ్చింది. అడిగితే, “మామయ్యా, 26 చుట్ల మర కోసి, గిన్నెలు నేనే చేసి, గట్టిపరచి బిగిస్తాను” అన్నాడు. రంగు మార్చకూడదు, కొంగ బిళ్ళ తీయకూడదు, వారానికొకసారి అయినా తొక్కాలి అని మూడు షరతులు పెట్టాను. ఒప్పుకున్నాడు. పాత గిన్నెలు కొలతకోసం కాగితంలో చుట్టి బండితో పంపాను. అక్కయ్య మా గడప తొక్కుతానన్నది. అబ్బాయి మాత్రం యింకా, “ఎంత ధర వచ్చేది నాన్నా!” అంటూనే వున్నాడు.

హెర్క్యులిస్ మాతోనే వుంది. మా మనుమరాలు దాని మీద మెట్రో స్టేషను దాకా వెళుతున్నది. బెల్లు చాలదని కొత్తది పెట్టించుకున్నది. నేను అడ్డు చెప్పలేదు. నా వంతు, యేడాదికొకసారి సీటు గొట్టం పైకి లాగి గ్రీజు పూయడం. అది చేయకపోతే తుప్పుతో బిగుసుకుపోయి ఇక రాదు.

ఉన్న ఊరు విడిచి వచ్చిన మనకు పాత వస్తువు మీద మమకారం కొంచెం ఎక్కువే. అది తప్పని నేను అనను. నాన్నగారి సైకిలు రైలు పెట్టెలోకి ఎక్కుతుంటే నాకూ గొంతు పట్టుకున్నది. అయినా, మనం దాచిపెట్టినది మనతో వుంటుందనీ, పంపినది పోతుందనీ అనుకోవలసిన పని లేదు. వాడేవారి చేతిలో వున్న వస్తువే వుంటుంది. మెట్ల కింద తుప్పు పట్టేది మన కళ్ళముందే పోతుంది. ఇళ్ళు మారబోయే కుటుంబాలు యీ సభలో చాలా వున్నవి. పాత బండిని ఇనుప సామానువాడికి తూచి యిచ్చేముందు దారం పట్టి చూడండి. బంధువర్గంలో పొడుగైన పిల్లవాడో, పనితెలిసిన పిల్లో వున్నారేమో అడగండి.

మీ అందరికీ నూతన సంవత్సర శుభాకాంక్షలు.