కొలువు విడిచి గ్రంథాలయం కట్టిన ఆలిం
(నిమ్మనపల్లెలో చేసిన ప్రసంగ పాఠం)



హైదరాబాదు పండితుని గురించి నిమ్మనపల్లెలో ప్రసంగమెందుకని కొందరు మమ్మల్ని అడిగారు. నిజమే, షేఖుల్ ఇస్లాం అన్వారుల్లా ఫారూఖీ కాలంలో మన ప్రాంతం నిజాం ఏలుబడిలో లేదు; మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. అయితే అచ్చయిన పుస్తకానికి సరిహద్దులు ఉండవు.

నాందేడ్ ప్రాంతంలో జన్మించిన ఆయన యౌవనంలో నిజాం ప్రభుత్వ రెవెన్యూ శాఖలో ఉద్యోగి. వడ్డీ లావాదేవీకి సంబంధించిన కాగితం చేతికి వచ్చినప్పుడు, దాని సారాంశం రాయడానికి మనస్సు అంగీకరించక కొలువు వదులుకున్నారు. మన వేదికలపై ఈ కథ ఇక్కడితో ఆగిపోతుంది. ఆ తరువాత జరిగినదే మాకు ముఖ్యంగా తోస్తుంది.

ఆయన బోధనకు పూనుకున్నారు. 1876లో జామియా నిజామియాను స్థాపించారు. ఆరవ, ఏడవ నిజాములకు గురువయ్యారు. దర్బారులో లభించిన పలుకుబడిని విద్య కోసం వినియోగించారు. ఇమాదుల్ ముల్క్, ముల్లా అబ్దుల్ ఖయ్యూంలతో కలిసి 1888లో దాయిరతుల్ మఆరిఫ్‌ను, 1891లో ఆసఫియా గ్రంథాలయాన్ని నెలకొల్పారు. మదీనాలో నివసించిన కాలంలో అరుదైన వ్రాతప్రతులకు నకళ్లు రాయించి తెచ్చారు. ‘కంజుల్ ఉమ్మాల్’ వంటి మహా హదీసు సంకలనం దాయిరతుల్ మఆరిఫ్‌లోనే అచ్చయింది. కొద్దిమంది పండితుల వద్ద దాగిన విద్య ఆ విధంగా లోకానికి అందింది.

ఆయన తాత్త్వికుడు కూడా. ‘కితాబుల్ అఖ్ల్’లో మానవ బుద్ధికి గల పరిధిని చర్చించారు. ఆయన వాదాలన్నిటితో అందరూ ఏకీభవించనక్కరలేదు; తత్త్వశాస్త్రాన్ని చదివి, దానితో తలపడిన ఆలిం అన్నది మాత్రం గమనించాలి. ప్రశ్న అడిగిన కుర్రవాణ్ణి కసిరి కూర్చోబెట్టే మన అలవాటుకు ఇది దూరమైన మార్గం.

1918లో ఆయన కన్నుమూశారు. ఆసఫియా నేడు అఫ్జల్‌గంజ్‌లో రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం. అక్కడ అరబ్బీ, ఉర్దూలతో పాటు తెలుగు గ్రంథాలూ ఉన్నాయి.

మన పిల్లల్లో ఎందరో ఇంట ఉర్దూ మాట్లాడి, బడిలో తెలుగు చదివి, మక్తబులో అరబ్బీ వల్లిస్తారు. మూడు భాషల మధ్య పెరిగే పిల్లలకు ఆ మూడింటిలో పుస్తకం దొరికే చోటేది? షాదీఖానాలకు చందాలు పోగుచేయగలిగిన మనకు ఒక పుస్తకాల బీరువా బరువా? స్కాలర్‌షిప్పుల కోసం, ఉర్దూ ఉపాధ్యాయుల కోసం ప్రభుత్వాన్ని అడగడం మన హక్కు, అది మానరాదు. ఈ బీరువాకు మాత్రం ఎవరి ఉత్తర్వూ అక్కరలేదు.

మసీదు కమిటీ పెద్దలకు మా విన్నపం ఇది: రమజాను లోపు ఒక గది కేటాయించండి. ఆడపిల్లలు కూడా వచ్చి కూర్చుని చదువుకొనే వేళలు నిర్ణయించండి. తాళంచెవి ఎవరి వద్ద ఉండాలో ఈ సభలోనే తేల్చుకుందాం.