అంకుర సంస్థలు – ప్రభుత్వ ధర్మము



క్రొత్త శాస్త్రజ్ఞానము నాధారముగా గొని స్వల్పధనముతో ఆరంభమగు వ్యాపారములను నేడు అంకుర సంస్థలని పిలుచుచున్నారు. ఒక్కని సాహసముచేతనే ఇవి వర్ధిల్లునని పలువురు తలతురు. అది సగము మాత్రమే నిజము. హైదరాబాదులో పుట్టిన శాంతా బయోటెక్నిక్సు వృత్తాంతము వినినచో తక్కిన సగము బోధపడగలదు.

హెపటైటిస్-బి కాలేయమును చెరచు వ్యాధి. తల్లినుండి బిడ్డకును సోకును. దానికి టీకా యున్నను, 1990 ప్రాంతమున అది విదేశములనుండియే రావలసియుండెను. డోసు వెల వందల రూపాయలు! కూలిజనుల ఇంట దాని మాట తలపెట్టుటకైన వీలులేదు. నెల్లూరు జిల్లావారగు శ్రీ కె. ఐ. వరప్రసాదరెడ్డిగారు ఎలక్ట్రానిక్సు ఇంజనీరేకాని వైద్యులు కారు. వారు 1993లో తల్లి పేర ఈ సంస్థను స్థాపించిరి. 1997లో షాన్‌వాక్-బి టీకా వెలువడెను. పిదప పోటీదారులును రాగా డోసు వెల 50 రూపాయల లోపునకు దిగెను.

ఈ నాలుగేండ్లును సంస్థ ఎట్లు బ్రతికినది? అమ్ముటకు సరకు లేదు. పరిశోధనకు వ్యయము తప్పదు. విత్తిననాటినుండి కోతవరకు రైతు పడు అవస్థయే ఇది. కాని పైరు ఆరునెలలకు వచ్చును; టీకాకు ఏండ్లు పట్టును, ఒక్కొక్కప్పుడు రానేరాదు. అట్టిదానిపై అప్పిచ్చుటకు బ్యాంకులు జంకును. ఒమాను దేశపు పెట్టుబడి కొంత ఆదుకొనెను. ఉస్మానియా విశ్వవిద్యాలయమును, పిమ్మట కేంద్రప్రభుత్వ పరిశోధనశాలయగు సి.సి.ఎం.బి.యును చోటిచ్చినవి. కేంద్రప్రభుత్వపు సాంకేతికాభివృద్ధి మండలి ఋణమొసగెను. ఇవన్నియు ప్రజాధనముతో నిలిచినవే. 1970 నాటి పేటెంటు చట్టమును తోడ్పడినది: దానిప్రకారము మందు చేయు విధానముపైననే హక్కు, మందుపైన కాదు. 2005లో ఆ చట్టము మారినది.

ఇక అసలు చిక్కు. టీకా చవుకయైనంతమాత్రమున పల్లెబిడ్డకు అందలేదు. ఉచిత టీకాల కార్యక్రమములో దానిని దేశమంతటను చేర్చుట 2011 నాటికిగాని పూర్తికాలేదు. ఈలోపల, 2009లో, సంస్థ ఫ్రాన్సు దేశపు సనోఫీ వశమాయెను. అందులకు స్థాపకుల నేమియు ననరాదు. ధనమొడ్డినవారు ఫలము కోరుట సహజము. మరి నీరుపోసిన ప్రజలకో? ఋణము వడ్డీతో తీరిన చాలునని నేను తలపను. తోడ్పడునప్పుడే ప్రభుత్వము ఒప్పందము వ్రాసికొనవలెను: సరకు సిద్ధమైన పిదప ఇంత వెలకు ఇన్ని డోసులు మేము కొందుము, అవి ముందుగా ఆరోగ్యకేంద్రములకు చేరవలెను అని. ఆ కాగితము చూచి బ్యాంకును అప్పిచ్చును. 1997లోనే అట్టి ఒప్పందముండినచో, తరువాతి 14 ఏండ్లలో పుట్టిన బిడ్డలలో ఎందరికో పుట్టిననాడే ఆ టీకా పడియుండెడిది.