గొరగ లెవరు?

నేఁడు మీకు ఒక్క మాటను గూర్చి విన్నవింపఁ దలఁచితిని. ఆ మాట ‘గొరగ’. కృష్ణాతీరమున నిప్పు డెవ్వరును దీనిని వాడుట లేదు. అయినను దీని యర్థము తెలియనిచో, వెయ్యేండ్లకుఁ బైఁబడిన యొక కట్టుబాటు మనకు బోధపడదు.

ఇంద్రకీలాద్రి చెంతఁ గల పాత బెజవాడను నేఁడు వన్ టౌన్ అని పిలుచుచున్నారు. బెజవాడ మల్లేశ్వరస్వామివారి యాలయమునందలి రాతికంబముపైఁ దెనుఁగు శాసన మొకటి కలదు. వేయించినవాఁడు తూర్పు చాళుక్యుఁడగు యుద్ధమల్లుఁడు, కాలము క్రీ. శ. 930 ప్రాంతము. నన్నయభట్టుకు నూఱేండ్లు ముందుగానే మధ్యాక్కరలలో రచింపఁబడిన దగుటచే ఛందస్సు నెఱిఁగినవారు దీనిని మిక్కిలి గౌరవింతురు. జయంతి రామయ్య పంతులుగారు దీనిని పరిష్కరించి ‘ఎపిగ్రాఫియా ఇండికా’ 15వ సంపుటమునఁ బ్రకటించిరి.

శాసనార్థ మిది. రాజు బెజవాడలోఁ గుమారస్వామికి గుడి యెత్తించి, మఠమును నిర్మించెను. ఆ మఠమున గొరగలు తప్ప నొరులు విడియరాదు. విడిసినవారికి వారణాసిని ధ్వంసము చేసిన పాపము. అట్టివారిని వెడలఁగొట్టిన స్థానపతులకును రాజునకును అశ్వమేధఫలము. చూచియుఁ జూడనట్లుండినచో లింగమును నశింపఁజేసిన పాపము.

దస్తావేజులు చదివిన మీకు వేఱుగాఁ జెప్ప నక్కఱలేదు. హక్కుదారుని పేరు తెలియని పత్రము పెట్టెలో నున్నను నిరుపయోగమే. ఈ శాసనమునందలి హక్కంతయు ‘గొరగ’ యను నొక్క మాటపై నిలిచియున్నది. కావున గొరగ లెవరు?

తెనుఁగువాని చెవికి మొదట ‘గొరుగు’ అను క్రియ తట్టును. తల గొరిగించుకొనినవారు గొరగలు, అనఁగా బోడి సన్న్యాసు లని తేల్పవచ్చును. వినుట కింపుగానే యున్నది. కాని ధ్వనిసామ్య మొక్కటియే సాక్ష్యము కాదు. ఇరుగుపొరుగు భాషలను గూడ నడుగవలెను.

కన్నడమున ‘గొరవ’ యనఁగా శైవభిక్షువు. ఆ భాషలోని శాసనములయందు శైవాచార్యులకును ఈ పేరు కానవచ్చును. తమిళమున ‘కురవర్’ అనఁగా గురువులు, పూజ్యులు. అప్పరు, సంబంధరు, సుందరరు, మాణిక్యవాచకరు అను నలువురను ‘సమయ కురవర్’ అందురు. మహారాష్ట్రమున శివాలయములలో నర్చన చేయువారికి ‘గురవ’ యని పేరు. సంస్కృతమున గురు శబ్దపు బహువచనమగు ‘గురవః’ అనునదియే గౌరవార్థమున వాడఁబడి యీ రూపముల నొందినదని చెప్పుదురు.

వకారము గకార మగునా యని సందేహింపవలదు. చివురు, చిగురు అని మనము రెండు విధములఁ బలుకుదుము. నవ్వు, నగు అనునవియు నట్టివే. ఉకారము ఒకారమగుటకుఁ దమిళుల ‘కుడై’ మన గొడు గగుటయే నిదర్శనము. కావున గొరగ లనఁగా శైవతపస్వులు. యుద్ధమల్లుఁడు రాష్ట్రకూటుల యండతో రాజ్యము చేసినవాఁడు. కన్నడదేశపు శైవులకును బెజవాడకును నాఁడు రాకపోక లుండె ననుకొనుట కిది యనుకూలముగా నున్నది.

ఇఁక నీ మాట పూర్తిగా నశించెనా? లేదు. కర్నూలు సీమలో ‘గొరవయ్యలు’ నేఁటికిని గలరు. ఎలుఁగుబంటి తోలుటోపీ, కంబళి ధరించి, డమరుకము మ్రోయించుచు, పిల్లనగ్రోవి యూదుచు మైలారలింగని గొలుచుచు నాడుదురు. వెనుకటి మఠవాసుల పేరు నేఁడు జాత్రలో నాడు భక్తులకు దక్కినది. నది పాయ మార్చినట్లు మాటయు నర్థమును మార్చును. కాని పాతపాయ జాడ యిసుకలో నిలిచియుండును.

పెద్దలారా, మీ యూరి గుళ్లయందును నిట్టి రాళ్లు కలవేమో చూడుఁడు. వానికి సున్నము పూయనీయకుఁడు, మెట్లక్రింద వేయనీయకుఁడు. మీ నోటఁ బలుకుబడియై యున్న పాతమాటలను, వాని యర్థములతోఁ గూడ మీ మనుమలచేత వ్రాయించి యుంచుఁడు. రాయి మిగిలియు మాట తెలియకున్నచో శాసనము మూగ దగును. ఆ మూగతనమును బాపఁగలవారు మీవంటి వృద్ధులే.